సోలార్ ప్లాంటు టెక్నీషియన్ ఇంటర్వ్యూ: కర్నూలులో నేను తయారైన తీరు, అక్కడ అడిగినవి

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు దాటి లోపలికి పోతే గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2017 నుంచి నడుస్తోంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసినవాళ్లకు, ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాళ్లకు ఇంటికి దగ్గర్లో దొరికే ఉద్యోగాల్లో ఇలాంటి ప్లాంట్లలో టెక్నీషియన్ పని ఒకటి. సైట్లో దీన్ని ఓ అండ్ ఎం అంటారు. ప్లాంటు నడపడం, చెడిపోయింది బాగుచేయడం, రెండూ ఇందులోనే వస్తాయి. నేను ఈ పనికి మూడు చోట్ల ఇంటర్వ్యూకి వెళ్లాను. మొదటి రెండు రాలేదు, మూడోది వచ్చింది. మూడు చోట్లా ప్రశ్నలు దాదాపు ఒకటే. మారింది నేను జవాబు చెప్పిన వరస. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది వాళ్లు చెవిపెట్టి వింటారు. సూత్రం తప్పు చెప్పినా సర్దుకుంటారు గానీ, ఫ్యూజు తీశాక పర్మిట్ (పని మొదలుపెట్టేందుకు రాతలో ఇచ్చే అనుమతి) గురించి చెప్పినవాణ్ణి తీసుకోరు. వాడి చేతికి 900 వోల్టుల డీసీ అప్పజెప్పాలి కాబట్టి.

మూడోసారికి ఇరవై రోజులు పెట్టుకున్నాను. డిప్లొమా పుస్తకాలన్నీ తిరగేయలేదు. ఒక ప్యానెల్ వెనక అంటించి ఉండే స్టిక్కర్ తీసుకుని, దాని మీదున్న ప్రతి అంకెకు అర్థం చెప్పగలనా అని చూసుకున్నాను. ఈ ఒక్క పనితో సగం ఇంటర్వ్యూ అయిపోతుంది. 2017 ప్రాంతంలో పెట్టిన 72 సెల్లుల పాలీ (పాలీక్రిస్టలైన్ సిలికాన్) ప్యానెల్ అనుకోండి. సుమారు 320 వాట్లు, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (దేనికీ కలపకుండా కొలిచేది) 46 వోల్టులకు అటూఇటూ, షార్ట్ సర్క్యూట్ కరెంటు (రెండు కొనలు కలిపితే పారేది) 9 ఆంపియర్లకు అటూఇటూ. ఈ అంకెలు చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ, సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటివి. మన దగ్గర సెల్ ఎప్పుడూ 25 డిగ్రీల్లో ఉండదు. అసలు ప్రశ్న అక్కడే పుడుతుంది.

"ఒక స్ట్రింగ్‌లో 20 ప్యానెళ్లే ఎందుకు పెట్టినారు, 21 పెట్టకూడదా?" అని అడుగుతారు. స్ట్రింగ్ అంటే ఒకదానికొకటి వరసగా కలిపిన ప్యానెళ్ల దండ, వాటి వోల్టేజీలు కూడుకుంటాయి. 21 × 46 చేస్తే 966 వోల్టులు, సిస్టమ్ హద్దు 1000 లోపలే ఉంది కదా అనిపిస్తుంది. కానీ చలి పెరిగితే ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది. డిగ్రీకి 0.31 శాతం చొప్పున పెరుగుతుందని స్టిక్కర్‌లోనో డేటాషీట్‌లోనో ఉంటే, జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీలకు లెక్కేయాలి. 25 నుంచి 10కి 15 డిగ్రీల తేడా, అంటే 4.65 శాతం. ఒక్కో ప్యానెల్ 48.1 వోల్టులు. 20 పెడితే 963, 21 పెడితే 1011. 1000 వోల్టులకు తయారైన ఇన్వర్టరు (డీసీని ఏసీగా మార్చేది), కేబుల్, ఫ్యూజు హోల్డరు అన్నీ ఆ 11 వోల్టులతో హద్దు దాటినట్టే. ఈ లెక్కను కాగితం మీద రెండు నిమిషాల్లో వేయగలిగేదాకా వేశాను. కొత్త ప్లాంట్లు 1500 వోల్టులకు వచ్చాయి, అక్కడ ప్యానెల్ వాట్లు కూడా ఎక్కువ. అయినా లెక్క ఇదే, అంకెలు మాత్రమే మారతాయి.

దీనికి జంట ప్రశ్న ఒకటుంది. మే నెలలో ఎండ మండిపోతుంది కదా, అప్పుడు ఉత్పత్తి ఎక్కువ రావాలి కదా అంటారు. వెలుగు వేరు, వేడి వేరు అన్నది ఇక్కడ తేల్చి చెప్పాలి. వెలుగు పెరిగితే కరెంటు పెరుగుతుంది. వేడి పెరిగితే వోల్టేజి పడిపోతుంది. గాలి 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు పోతుంది. పవర్ డిగ్రీకి 0.4 శాతం తగ్గుతుందనుకుంటే, 40 డిగ్రీల తేడాకు 16 శాతం పోయినట్టు. అంటే 320 వాట్ల ప్యానెల్ 269 వాట్ల దగ్గర నిలబడుతుంది. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడే చల్లని రోజు ప్యానెల్‌కు మేలు.

ఇక అందరినీ వడపోసే ప్రశ్న. సైట్ ఇన్‌చార్జి ల్యాప్‌టాప్‌లో స్కాడా (ప్లాంటు రీడింగులన్నీ ఒకచోట చూపే కంప్యూటర్ సిస్టమ్) తెర చూపించి, "ఏమప్పా, ఈ స్ట్రింగ్ జీరో చూపిస్తా ఉంది. ఏం చేస్తావ్?" అంటాడు. మొదటి రెండుసార్లూ నేను "ఫ్యూజు చూస్తాను సార్" అని మొదలుపెట్టాను. తప్పు అక్కడే జరిగిందని తర్వాత అర్థమైంది. మూడోసారి చెప్పిన వరస ఇది.

ముందు స్కాడాలోనే పక్క స్ట్రింగులతో పోల్చి చూస్తాను. అన్నీ 8 ఆంపియర్ల దగ్గర ఉండి ఇదొక్కటే జీరో అయితే లోపం ఈ స్ట్రింగ్‌లోనో, దాన్ని కొలిచే సెన్సార్‌లోనో ఉంది. షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పి వర్క్ పర్మిట్ రాయించుకుంటాను. హెల్మెట్, సేఫ్టీ షూ, డీసీ వోల్టేజికి సరిపడే రబ్బరు గ్లౌజులు, ముఖానికి షీల్డు. మీటరు కేటగిరీ 3 (దాని సేఫ్టీ రేటింగు), 1000 వోల్టులదా కాదా అని దాని మీద రాసింది చూసుకుంటాను. పర్మిట్‌లో రాసిన కాంబైనర్ బాక్సు (చాలా స్ట్రింగుల కేబుళ్లు వచ్చి కలిసే పెట్టె) నంబరు, ఎదురుగా ఉన్న బాక్సు నంబరు ఒకటేనా అని చదువుతాను. వందల బాక్సులు ఒకే పోలికలో ఉంటాయి, వరస మారి పక్క బాక్సు తెరవడం జరుగుతూనే ఉంటుంది.

బాక్సు తెరిచాక ఏదీ ముట్టుకోకుండా డీసీ క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టి, విప్పకుండానే కరెంటు కొలిచేది) పెట్టాలి. మామూలు ఏసీ క్లాంప్ డీసీని చూపదు, డీసీదైనా పెట్టేముందు జీరో బటన్ నొక్కాలి. ఈ రెండూ నోటితో చెప్పాలి, ఎదుటివాళ్లు వింటున్నది అదే. క్లాంప్ 8 ఆంపియర్లు చూపితే స్ట్రింగ్ బాగానే ఉంది, సెన్సారో కమ్యూనికేషనో పోయింది. క్లాంప్ కూడా జీరో చూపితే, అప్పుడు బాక్సు ఐసోలేటర్ (మెయిన్ స్విచ్) ఆపి, తాళం వేసి, ట్యాగ్ కట్టాలి. ఆపాక అన్ని స్ట్రింగుల మీదా మళ్లీ క్లాంప్ పెట్టి కరెంటు జీరో అయిందని చూసుకుని, ఆ తర్వాతే ఫ్యూజు హోల్డరు తెరవాలి. కరెంటు పారుతుండగా తెరిస్తే ఆర్క్ వస్తుంది. మన 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకు 100 సార్లు సున్నా దాటుతుంది కాబట్టి ఆర్క్ ఆరిపోవడానికి వీలుంటుంది. డీసీకి ఆ సున్నా లేదు, రెండు మొనల మధ్య మంట అట్లాగే సాగుతుంది.

ఇక్కడ ఒక మెలిక ప్రశ్న వేస్తారు: "ఐసోలేటర్ ఆపినావు కదా, ఇప్పుడు బాక్సులో కరెంటు లేనట్టేనా?" లేనట్టే అని తలూపితే ఇంటర్వ్యూ అయిపోయినట్టు. ఐసోలేటర్ ఆపితే ఇన్వర్టరు వైపు మాత్రమే తెగుతుంది. ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల వైపు నుంచి, స్ట్రింగులు కలిసే లోహపు పట్టీ అయిన బస్‌బార్ మీద 800 పైన వోల్టులు నిలిచే ఉంటాయి. ప్యానెల్‌కు స్విచ్ లేదు. ఈ మాటను అడగకముందే చెప్పేస్తే మంచిది.

తర్వాత ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి. ఎండలో వేడెక్కిన 20 ప్యానెళ్ల స్ట్రింగ్ సుమారు 840 వోల్టులు చూపుతుంది, ప్యానెల్‌కు 42 పడుతుంది. 840 వస్తే ప్యానెళ్లు, కేబులు బాగున్నాయి, ఫ్యూజు పోయింది. కంటిన్యూటీ చూసి అదే రేటింగుది, 15 ఆంపియర్ల సోలార్ డీసీ ఫ్యూజు వేయాలి. వోల్టేజి అసలే లేకపోతే ఎక్కడో తెగింది. గడ్డి కోసే మిషను తగిలి కేబులు తెగడం, ఎలుక కొరకడం, ఎంసీ4 కనెక్టరు (ప్యానెల్ కేబుళ్లను కలిపే ప్లగ్గు) కాలిపోవడం మామూలుగా కనిపించేవి. స్ట్రింగ్ వెంబడి నడిచి చూడాలి. 840కి బదులు 826 వస్తే? 14 తగ్గింది. 72 సెల్లుల ప్యానెల్‌లో 24 సెల్లులకు ఒకటి చొప్పున మూడు బైపాస్ డయోడ్లు (నీడ పడిన సెల్లులను దాటించి కరెంటును పంపేవి) ఉంటాయి, 42లో మూడో వంతు 14. అంటే ఒక డయోడ్ షార్ట్ అయింది. 798 వస్తే 42 తగ్గినట్టు, ఒక ప్యానెల్ మొత్తం పోయింది. ఈ తేడా చెప్పినప్పుడు మూడో చోట బల్లకు అవతల ఉన్న సార్ పెన్ను పక్కన పెట్టి, ఎర్త్ ఫాల్ట్ (కేబులు నుంచి నేలకు కరెంటు లీకవడం) ప్రశ్నకు వెళ్లాడు.

ఎర్త్ ఫాల్ట్ వెతకడం కూడా ఇలాంటి భాగాహారమే. పాజిటివ్ నుంచి ఎర్త్‌కు 588, నెగటివ్ నుంచి ఎర్త్‌కు 252 వోల్టులు నిలకడగా చూపితే రెండూ కలిపి 840. 252ను 42తో భాగిస్తే 6. నెగటివ్ వైపు నుంచి ఆరో ప్యానెల్‌కూ ఏడో ప్యానెల్‌కూ మధ్య కేబులు ఎక్కడో స్ట్రక్చర్‌కు ఒరుసుకుంది. 20 ప్యానెళ్లూ విప్పనక్కర్లేదు, అక్కడికే పోతే కేబుల్ టై తెగి పర్లిన్ (ప్యానెళ్లను మోసే ఇనుప కమ్మీ) అంచు మీద ఇన్సులేషన్ చిట్లి కనిపిస్తుంది. ఫాల్ట్ లేని స్ట్రింగ్‌లో ఎర్త్‌కు కొలిస్తే అంకె నిలవదు, తగ్గుతూ సున్నా వైపు పోతుంది.

ప్రాక్టికల్ టెస్టు బయటే పెడతారు, పదకొండు గంటల ఎండలో. టోపీ, నీళ్ల సీసా మనవే తెచ్చుకోవాలి. నాకు ఇచ్చింది ఎంసీ4 కనెక్టరు కట్టమని. నాలుగు చదరపు మిల్లీమీటర్ల సోలార్ కేబులు, స్ట్రిప్పరు, క్రింపింగ్ టూలు, రెండు చిన్న స్పానర్లు బల్ల మీద పెట్టారు. చూస్తే చిన్న పనే, తప్పు జరిగే చోట్లు మాత్రం నాలుగైదు ఉన్నాయి. ఇన్సులేషన్ ఏడు మిల్లీమీటర్ల దాకా తీయాలి. ఎక్కువ తీస్తే రాగి బయట మిగులుతుంది, తక్కువ తీస్తే ఇన్సులేషన్ క్రింపులో ఇరుక్కుని పట్టు ఉండదు. కత్తితో తీస్తే సన్న తీగలు రెండు మూడు తెగుతాయి, అవతలివాళ్లు గమనించేది అదే. గ్లాండ్ నట్టు (కనెక్టరు వెనక బిగించే నట్టు) ముందే కేబులుకు తొడగాలి. క్రింప్ చేశాక గుర్తొస్తే కోసేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. పిన్నును సరైన గాడిలో పెట్టి టూలు చివరిదాకా నొక్కాలి, మధ్యలో వదిలితే క్రింపు వదులుగా ఉంటుంది. చేత్తో లాగి చూసి, హౌసింగులోకి తోస్తే టక్కుమని శబ్దం రావాలి. మళ్లీ ఒకసారి వెనక్కి లాగి చూడాలి. ఆ తర్వాత స్పానరుతో నట్టు బిగించాలి.

"ఒక కంపెనీ మేల్, ఇంకో కంపెనీ ఫిమేల్ కలిపితే ఏమవుతుంది?" అని నేను నట్టు బిగిస్తుండగానే అడిగారు. చూడ్డానికి కలుస్తాయి, లోపల తాకే చోటు సరిగా పట్టదు. అక్కడ రెసిస్టెన్స్ పెరిగి వేడెక్కి, కొన్ని నెలలకు కరిగిపోతుంది. అందుకని మార్చేటప్పుడు రెండు వైపులా ఒకే కంపెనీది వేయాలి.

మెగ్గర్ (ఇన్సులేషన్ బలం కొలిచే మీటరు) గురించి తప్పక అడుగుతారు. 1000 వోల్టుల సిస్టమ్ డీసీ కేబులుకు 1000 వోల్టుల మెగ్గర్, కనీసం ఒక మెగాఓమ్ రావాలి. ఇన్వర్టరు నుంచి విడదీసి, బాక్సులోని సర్జ్ ప్రొటెక్టర్లు (పిడుగులాంటి వోల్టేజి పోట్లను అడ్డుకునేవి) కూడా తీసేశాక కొట్టాలి. వాటిని మరిచిపోతే రీడింగ్ తక్కువ వస్తుంది, లేని ఫాల్టును వెతుక్కుంటూ పూట గడిచిపోతుంది. వాన పడిన మర్నాడు పొద్దున తక్కువ చూపి, ఎండ ఎక్కాక పెరగడం కూడా మామూలే. టెస్టు అయ్యాక కేబులును డిశ్చార్జ్ చేయాలని చెప్పడం మరవకూడదు.

ట్రాన్స్‌ఫార్మర్ మీద పాఠం అంతా అడగరు. లోపలికి పోయే గాలిలో తేమ పీల్చే సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు మారితే తేమ పట్టిందని, బుకోల్జ్ రిలే లోపల పుట్టే గ్యాసును పట్టుకుంటుందని, ఆయిల్ వేడి, వైండింగ్ వేడి చూపే రెండు మీటర్లు వేరని తెలిస్తే చాలు. 33 కేవీ వైపు పని అంటే మాత్రం వరసే అడుగుతారు: బ్రేకరు ఆపడం, బ్రేకరు ఉన్న ట్రాలీ బయటికి లాగి తాళం వేయడం, డిటెక్టరుతో వోల్టేజి లేదని చూడటం, ఎర్త్ చేయడం, చుట్టూ టేపు కట్టడం. ఇన్వర్టరు ఆపినా లోపల కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా తలుపు మీద రాసినన్ని నిమిషాలు ఆగాలి.

లెక్కల్లో ఒకటి పీఆర్, అంటే పర్ఫార్మెన్స్ రేషియో. 10 మెగావాట్ల డీసీ సామర్థ్యం, ఆ రోజు పైరానోమీటర్ చూపిన ఎండ చదరపు మీటరుకు 6 యూనిట్లు అయితే రావాల్సింది 60,000 యూనిట్లు. మీటరులో 46,800 వస్తే పీఆర్ 78 శాతం. అది పడిపోవడానికి కారణాలు చెప్పమంటారు. దుమ్ము దగ్గర మొదలుపెట్టాను. సున్నపురాయి, నల్లరాయి క్వారీలున్న నేల మనది, వాన లేని నెలల్లో అద్దం మీద పొర కడుతుంది. కడగడం తెల్లవారుజామునో సాయంత్రమో చేయాలి. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చల్లనీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే ఆరాక తెల్లమరక మిగులుతుంది, దుమ్ము పోయి మరక వచ్చినట్టు అవుతుంది.

భాష సంగతి చాలామందిని భయపెడుతుంది. ఈ ప్లాంట్లలో పెద్ద ఇంజనీర్లు చాలాచోట్ల బయటి రాష్ట్రాలవాళ్లు, హిందీలో అడుగుతారు. కర్నూలులో పెరిగినవాళ్లకు ఉర్దూ చెవిన పడే ఉంటుంది కాబట్టి అర్థం కావడం కష్టం కాదు. నేను ముందే "సార్, హిందీ అర్థమవుతుంది, జవాబు తెలుగులోనూ ఇంగ్లిషు మాటల్లోనూ చెప్తాను" అన్నాను, సరే అన్నారు. రాయడం మాత్రం ఇంగ్లిషులోనే ఉంటుంది. బ్రేక్‌డౌన్ రిపోర్టు నాలుగు లైన్లు రాయమంటారు: ఏ టైముకు, ఏ బాక్సు, ఏం చూశాం, ఏం మార్చాం. ఇరవై రోజులూ రోజుకొకటి రాసి అలవాటు చేసుకున్నాను. "మీ గురించి చెప్పండి" అన్నదానికి ఒక నిమిషం చాలు. ఏం చదివాను, ఏ మీటర్లు వాడాను, ఏ వోల్టేజి మీద పనిచేశాను. వాడని పనిముట్టు వాడానని చెప్తే ప్రాక్టికల్‌లో అదే చేతికిస్తారు. తెలియనిది అడిగితే "తెలీదు సార్, మాన్యువల్ చూసి చేస్తాను" అన్న మాట చెల్లుతుంది.

కాగితాల దగ్గర కూడా పని ఆగిపోతుంది. పదో తరగతి మెమో, ఐటీఐ లేదా డిప్లొమా మెమోలు, ప్రొవిజనల్, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు. పాత ఉద్యోగం ఉంటే రిలీవింగ్ లెటరు, మూడు నెలల జీతం స్లిప్పులు, పీఎఫ్ యూఏఎన్ నంబరు. అసలువి ఒక ఫైలులో, రెండు జతల జిరాక్సులు ఇంకో ఫైలులో. మనకు ఇంటిపేరుతో చిక్కు ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్‌లో పేరు ముందు, ఇంటిపేరు వెనక ఉంటుంది. పీఎఫ్ ఖాతా దగ్గర ఇది అడ్డం తిరుగుతుంది. ఇంటర్వ్యూకి నెల ముందే ఆధార్‌ను మెమోకు సరిపెట్టుకోవడం సుఖం. చాలా సైట్లలో సేఫ్టీ షూ లేకుంటే గేటు దగ్గరే ఆపుతారు, సొంత జత వేసుకుపోవాలి. కర్నూలు బస్టాండు నుంచి నంద్యాల బస్సు ఓర్వకల్లులో దింపుతుంది, అక్కడి నుంచి ప్లాంటు లోపలికి బండి లేకుండా పోలేం. తొమ్మిదింటికి రమ్మంటే ఏడుకు ముందే బయలుదేరాలి.

ఉద్యోగం ఇస్తామని, ట్రైనింగుకో గేట్‌పాసుకో డిపాజిట్ కట్టమని ఫోను చేసేవాళ్లు ఉంటారు. నాకూ ఒక ఏజెంటు చేశాడు. డబ్బు అడిగిన దగ్గరే ఫోను పెట్టేయాలి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మన దగ్గర తీసుకునేది ఉండదు.

జీతం మాట వచ్చినప్పుడు సీటీసీ (మన మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) ఎంత అని కాకుండా చేతికి ఎంత వస్తుందని అడగాలి. నెలకు గ్రాస్ 18,000, అందులో బేసిక్ 10,000 అనుకోండి. పీఎఫ్ 12 శాతం 1,200, ఈఎస్ఐ 0.75 శాతం 135, మన రాష్ట్రంలో ఆ జీతానికి ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. చేతికి 16,515. కంపెనీ వైపు పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 585, గ్రాట్యుటీ కింద 481 కలిపి దాన్నే 20,266 సీటీసీ అని రాస్తారు. రెండు అంకెలకూ మధ్య దాదాపు 3,750 తేడా. రాత్రి షిఫ్టు భత్యం, రూము, భోజనం, ఓవర్‌టైము ఇందులో ఉన్నాయా, వేరేనా అని అప్పుడే అడిగాను. అడిగితే తప్పుగా అనుకోరు.

ఎంపిక అయ్యాక మెడికల్ ఉంటుంది. చూపు, బీపీ, షుగరుతో పాటు రంగులు గుర్తుపట్టే పరీక్ష పెడతారు. చుక్కల బొమ్మలో దాగిన అంకె చెప్పాలి. కేబుల్ రంగులతో పని కాబట్టి ఇది తప్పితే ఎలక్ట్రికల్ పని ఇవ్వరు, ముందే కంటి డాక్టరు దగ్గర ఒకసారి చూపించుకోవచ్చు. ఆఫర్ లెటరులో ఉద్యోగం నేరుగా ప్లాంటు కంపెనీదా, కాంట్రాక్టరుదా, ప్రొబేషన్ ఎన్ని నెలలు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి చదివాకే సంతకం పెట్టాను. నాది కాంట్రాక్టరు ద్వారా, ఆరు నెలల ప్రొబేషన్. మొదటి రోజు సేఫ్టీ క్లాసులో పెట్టిన రాత పరీక్షలో మొదటి ప్రశ్న, స్ట్రింగ్ జీరో అయితే ఏం చేస్తావన్నదే.